గుండెలో పుట్టు అరుదైన లింఫోమా

గుండె చెరువైనదందుము, గుండె రాయి చేసికొంటిమందుము, గుండె గుభేలుమన్నదందుము. సుఖదుఃఖములన్నిటికిని నిలయమని మన మెంచు ఆ గుండెయందు క్యాన్సరు పుట్టునా యని యడిగినచో, పెక్కండ్రు పుట్టదనియే చెప్పుదురు. ఆ మాట చాలవరకు నిజము. గుండె కండరమునందలి కణములు పెద్దతనమున విభజన మొందుట మిక్కిలి తక్కువ గనుక, అచ్చట కంతులు పుట్టుట అరుదు. అయినను అరుదైనది లేనిది కాదు.

మన దేహమునందు రక్తనాళములతోపాటు శోషరసనాళములును, మెడ, చంక, గజ్జల యందు చిన్న గ్రంథులును గలవు. వీనిలోని తెల్లకణములు రోగములతో పోరాడు సేనలవంటివి. ఆ కణములే అదుపు తప్పి పెరిగినచో ఆ వ్యాధిని లింఫోమా యందురు. ఇట్టి గ్రంథుల వ్యాధిని ఇంగ్లండు దేశపు వైద్యుడు థామస్ హాజ్‌కిన్ 1832లో వర్ణించెను. సామాన్యముగా లింఫోమా గ్రంథులవాపుగా బయల్పడును. ఎప్పుడో యొకప్పుడు మొదట గుండెలోనే పుట్టును. గుండెలోనే పుట్టు కంతులలో నూటికి ఒకటి రెండు మాత్రమే ఈ జాతివి. ఇవి యెక్కువగా కుడివైపు గదులలో పెరుగును. వయసు మీరినవారికిని, రోగనిరోధకశక్తి తగ్గినవారికిని వచ్చుట యెక్కువ.

దీని లక్షణములు వేరుగా నుండవు. ఆయాసము, గుండెదడ, కాళ్లవాపు, సొమ్మసిల్లుట, గుండె చుట్టు నీరు చేరుట: ఇవన్నియు ఇతర హృద్రోగములకును గలవు. రక్తహీనతవలనను ఆయాసము వచ్చును. కావున ఆయాసము రాగానే క్యాన్సరని బెదరనక్కరలేదు. కాని మనలో ననేకులు ఇంటిల్లిపాదికిని వడ్డించి, తమ ఆయాసమును వయసుమీదికో, వంటయింటి వేడిమిమీదికో నెట్టి నెలలు గడుపుదురు. ఈ కంతి శీఘ్రముగా పెరుగునది. ఆలస్యమైనచో ప్రాణము తీయును. సకాలమున గుర్తించినచో ఔషధములకు లొంగును. భేదమంతయు ఇక్కడనే యున్నది.

ఎకో పరీక్షలో కంతి కనబడును. కాని అది యే జాతిదో తెలియదు. గుండె చుట్టునున్న నీటినిగాని కంతిలోని చిన్న ముక్కనుగాని తీసి పరీక్షింపవలయును. ఇది ముఖ్యము. ఏలనన, మిక్సోమా యను కంతిని కత్తితో తీసివేయుదురు. లింఫోమాకు ప్రధాన చికిత్స మందులే.

ఆ మందులలో నొకటియైన విన్‌క్రిస్టిన్ మన పెరటి బిళ్ళగన్నేరునుండి లభించునది. అట్లని ఆకులు నూరి త్రాగుట విషము త్రాగుటయే. శుద్ధిచేసి కొలచి యిచ్చినప్పుడే అది ఔషధము. మరియొక మందు డాక్సోరూబిసిన్ గుండెకే హాని చేయవచ్చును గనుక మాటిమాటికి ఎకో పరీక్ష చేయుచుందురు. గుండె గోడలోని కంతి వేగముగా కరగినను ప్రమాదమే; అందుచే తొలి చికిత్స వైద్యశాలలోనే జరుగవలయును.

వీనితో గూర్చు రిటుక్సిమాబ్ అమెరికాలో 1997లో ఆమోదము పొందినది. దానిని పోలిన రెడిటక్స్ అను మందును 2007లో హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ సంస్థ తక్కువ వెలకు తెచ్చినది. ఆ సంస్థవారి జీవౌషధ కేంద్రము మియాపూర్ దాపుననున్న బాచుపల్లిలోనే కలదు. దూరదేశములనుండి రావలసిన మందు మన పొరుగుననే తయారగుట మనకు గర్వకారణము.

చికిత్సకు త్రోవయు దగ్గరయైనది. 2017 నవంబరులో మియాపూర్‌నుండి మెట్రో రైలు నడువసాగెను. 2018లో ఆ మార్గము ఎల్.బి. నగరువరకు సాగెను. ఆ త్రోవలోనే పంజగుట్టయందు నిమ్స్ వైద్యశాలయు, లకిడీకాపూల్ సమీపమున 1955లో స్థాపితమైన ఎం.ఎన్.జె. క్యాన్సరు వైద్యశాలయు గలవు. వ్యయమునకు వెరచువారు 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమునుగూర్చి ఆసుపత్రిలోనే విచారింపవచ్చును.

మందు పొరుగున నున్నది, వైద్యశాలకు రైలున్నది. ఇక కావలసినది, నాలుగు మెట్లెక్కిన ఆయాసము వచ్చుచున్నదని ఇంటిలో నోరు తెరచి చెప్పుట. అత్తగారైనను, తల్లియైనను ఆ మాట చెప్పినప్పుడు, "పెద్దతనము గదా" యని త్రోసివేయక వైద్యునియొద్దకు తోడ్కొనిపోవుట మన విధి. మన ఆయాసమునుగూడ అట్లే యెంచుకొందము.