'కట్' చెప్పేవాళ్ళు లేని రోడ్డు!

తెర మీద కారు రయ్యిమని దూసుకుపోతుంటే కుర్చీలో కుదురుగా కూర్చోగలమా? ఇంటర్వెల్‌లో సోడా తాగుతూ కూడా ఆ కారు కబుర్లే! కాలేజీ రోజుల్లో నేనూ, నా రూమ్మేటూ జార్జి లూకాస్ తీసిన 'అమెరికన్ గ్రాఫిటీ' (1973) డీవీడీని గీతలు పడేదాకా చూశాం. అందులో పసుపుపచ్చ ఫోర్డు కూపే వుంది చూశారూ, 1932 మోడల్... దాన్నే 'హాట్ రాడ్' అంటారు. పాత కారు ఒంట్లో కొత్త ఇంజను గుండె! 1930లలోనే కాలిఫోర్నియాలో ఎండిన సరస్సుల మీద అక్కడి కుర్రకారు మొదలుపెట్టిన సరదా అది.

ఆ రూమ్మేటు ఇప్పుడు శాన్ హోసేలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ మధ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్, మనం కలగన్న కారు తయారు చేయిస్తున్నా!"

కొన్నది 1972 నాటి ఎం.జి.బి. జి.టి. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. పైకప్పు వుంది, వెనక సూట్‌కేసులకు చోటుంది. దూర ప్రయాణానికి భేషయిన ఒళ్ళే. 1975, అంతకు ముందు మోడళ్ళకు కాలిఫోర్నియాలో పొగ పరీక్ష బెడద కూడా లేదు. వున్న నాలుగు సిలిండర్ల ఇంజను తీసేసి, ఎనిమిది సిలిండర్ల 'వి-8' పెట్టాలని వాడి కోరిక.

ఇదేం వింత కాదు. 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' (2019)లో మాట్ డేమన్ ధరించిన క్యారల్ షెల్బీ పాత్ర గుర్తుందిగా? ఆ షెల్బీ 1962లో ఇంగ్లండు వారి ఎ.సి. ఏస్ కారులో అమెరికా ఫోర్డు వి-8 దించి 'కోబ్రా' సృష్టించాడు. ఎం.జి. వారు కూడా 1973 నుంచి 1976 దాకా మావాడి మోడల్లోనే రోవర్ వి-8 పెట్టి అమ్మారు. అది అల్యూమినియం ఇంజను. అందుకని సిలిండర్లు రెట్టింపయినా బరువు పాత ఇనుప ఇంజనుకి అటూ ఇటుగానే వుంటుంది. కారు ముక్కు బరువెక్కదు.

మావాడి మొదటి ప్లానులో మూడొంతుల డబ్బు ఇంజనుకే! మూడు వందల హార్స్‌పవర్ కావాలట. "వెయ్యరా, తగ్గొద్దు!" అని ఎగదోసింది నేనేనని ఒప్పుకుంటున్నాను. డబ్బు వాడిది, హుషారు నాది!

కథ ఇక్కడే మలుపు తిరిగింది. తెనాలి నుంచి వాళ్ళమ్మగారు వెళ్తున్నారు. ఆవిణ్ణి ఈ కార్లోనే బిగ్ సర్ మీదుగా సముద్రం వెంట తిప్పి, ఆంటోనియోని 'జబ్రిస్కీ పాయింట్' (1970) తీసిన డెత్ వ్యాలీ చూపించాలని ప్లాను. వీడియో కాల్‌లో ఆవిడ ఒక్కటే అడిగారు. "మీ నాన్న అంబాసిడర్‌లాగా ఇదీ మధ్యలో ఆగితే నేను దిగి తొయ్యాలిట్రా?"

మా ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి!

నిజమే మరి. సినిమా కారు 'యాక్షన్' నుంచి 'కట్' దాకా పరిగెడితే చాలు. స్టీవ్ మెక్వీన్ 'బులిట్' (1968)కి రెండు మస్టాంగులు వాడారు. 'టూ లేన్ బ్లాక్‌టాప్' (1971) కోసం 1955 మోడల్ షెవర్లే కార్లు మూడు తయారు చేయించారు. ఒకటి మొరాయిస్తే ఇంకొకటి సిద్ధం! మావాడికున్నది ఒక్కటే కారు. అందులో కూర్చునేది ఒక్కగానొక్క అమ్మ.

ఆ రాత్రే ప్లాను తిరగేశాం. ముందు బ్రేకులు. వేగం రెట్టింపయితే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. అందుకని పెద్ద డిస్కులు, యాభై ఏళ్ళ రబ్బరు గొట్టాల స్థానంలో కొత్తవి. తర్వాత పెద్ద రేడియేటరు, ఎలక్ట్రిక్ ఫ్యాను. ఇరుకు బానెట్టులో వి-8 కొలిమిలా కాగుతుంది కదా! ఆ పైన అయిదు గేర్ల గేర్‌బాక్సు. హైవే మీద ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, మోత తగ్గుతుంది, పెట్రోలూ కలిసొస్తుంది. అమ్మగారి కాళ్ళకు సెగ తగలకుండా అడుగున పొరలు, నడుము నొప్పి పుట్టని సీటు. అన్నిటికన్నా చివర ఇంజను! మామూలు ఎం.జి.బి. శక్తి 95 హార్స్‌పవర్ అయితే, కంపెనీ వి-8 ఇచ్చింది 137. అది చాలనుకున్నాం. బడ్జెట్‌లో అయిదో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టాం. పాత కారు విప్పితే ఏం బయటపడుతుందో ఎవరికెరుక?

డెత్ వ్యాలీలో 1913లో 56.7 డిగ్రీల ఎండ నమోదయింది. కనక ప్రయాణం వేసవి నుంచి నవంబరుకి మారింది. అంతకు ముందు మావాడు ఒంటరిగా మూడు వందల మైళ్ళు తిప్పి, ప్రతి బోల్టూ మళ్ళీ బిగిస్తాడు. అప్పుడే అమ్మగారికి సీటు!

అన్నట్టు, ఇది చదివి మీ నాన్నగారి కారు బానెట్టు ఎత్తకండి. మన దేశంలో కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది.

నిన్న మావాడు ఫోటో పంపాడు. బానెట్టు కింద ఖాళీ... ఇంజను ఇంకా రాలేదు. కానీ చక్రాల వెనక కొత్త బ్రేకు డిస్కులు తళతళలాడుతున్నాయి. ఆ ఫోటో చూసి వాళ్ళమ్మగారు నవంబరుకి స్వెట్టరు కొనుక్కున్నారట!