విద్యా రుణాల మాఫీ సాధ్యమేనా?

చదువు ముగిసేలోగా పెరిగే వడ్డీయే అసలు భారం

రైతుల రుణాలను మాఫీ చేసిన ప్రభుత్వాలు విద్యార్థుల రుణాలను ఎందుకు మాఫీ చేయవు? ఎన్నికల వేళ తరచూ వినిపించే ప్రశ్న ఇది. 2008లో కేంద్రం వ్యవసాయ రుణాల మాఫీని ప్రకటించింది. 2014లో రెండు తెలుగు రాష్ట్రాలూ రైతు రుణమాఫీని చేపట్టాయి. ఇంజినీరింగు పట్టా చేతికి వచ్చినా ఉద్యోగం దొరకని యువకుల తల్లిదండ్రులకు మాత్రం బ్యాంకు నోటీసులు తప్పడం లేదు.

అప్పు పెరిగేదిలా..

దేశంలో విద్యా రుణాలకు భారత బ్యాంకుల సంఘం 2001లో రూపొందించిన నమూనా పథకమే ప్రాతిపదిక. సాధారణంగా చదువుకునే కాలంలోను, ఆపై ఏడాది వరకు వాయిదాలు కట్టనవసరం లేదు. దీనినే మారటోరియం అంటారు. అయితే ఆగేది వాయిదాలే గానీ వడ్డీ కాదు.

నాలుగేళ్ల కోర్సుకు ఏటా రూ.2.5 లక్షల చొప్పున మొత్తం రూ.10 లక్షలను 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. సాధారణ వడ్డీ లెక్కన చూసినా అయిదేళ్లు గడిచేసరికి రూ.3.5 లక్షల వడ్డీ చేరి, బాకీ రూ.13.5 లక్షలవుతుంది. దానిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు రూ.17,800 కట్టాలి. వడ్డీని ఎప్పటికప్పుడు చెల్లించి ఉంటే నెలకు సుమారు రూ.13,200 సరిపోయేది.

ఎవరి వాదన వారిది

చదువుకున్న యువత వల్ల సమాజమంతటికీ మేలు కలుగుతుందని, ఉద్యోగాలు కొరవడడం విద్యార్థి తప్పు కాదని మాఫీ కోరేవారి వాదన. పొలం అమ్మి ఫీజులు కట్టినవారికి, ఇబ్బందులు పడుతూనే వాయిదాలు తీర్చినవారికి, అసలు కళాశాల మెట్లెక్కలేకపోయినవారికి ఏమిస్తారని వ్యతిరేకుల ప్రశ్న. మాఫీ ఆశ చూపితే బ్యాంకులు కొత్త రుణాలకు వెనుకాడతాయన్న ఆందోళన కూడా ఉంది. కేరళ ప్రభుత్వం 2017లో మధ్యేమార్గం ఎంచుకుంది. మొండి బకాయిలుగా మారిన విద్యా రుణాల్లో కొంత భాగాన్ని తాను చెల్లించేలా పథకం తెచ్చింది.

అమెరికాలోనూ ఇదే చర్చ

అమెరికాలో అప్పటి అధ్యక్షుడు బైడెన్ 2022 ఆగస్టులో ఒక్కొక్కరికి 10 వేల డాలర్లు, పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు పొందినవారికి 20 వేల డాలర్ల వరకు మాఫీ ప్రకటించారు. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ మాఫీ అమలై ఉన్నా మన విద్యార్థులకు ఒరిగేది లేదు. అది అక్కడి ఫెడరల్ ప్రభుత్వ రుణాలకే పరిమితం. విద్యార్థి వీసాపై వెళ్లినవారికి ఆ రుణాలు లభించవు. ఇక్కడ ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పును ఇక్కడే తీర్చుకోవాలి.

ఉన్న ఊరట ఇదీ

కుటుంబ వార్షికాదాయం రూ.4.5 లక్షల లోపు ఉండి, దేశంలో వృత్తి, సాంకేతిక కోర్సులు చదివేవారికి మారటోరియం కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవారికి హామీ లేకుండా రుణమిస్తారు. ఆదాయం రూ.8 లక్షల లోపు ఉంటే, ఇతర ప్రభుత్వ ఉపకార వేతనాలు, వడ్డీ రాయితీలు పొందనివారికి రూ.10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ వర్తిస్తుంది. ఆదాయ ధ్రువీకరణ పత్రంతో దరఖాస్తు చేసుకుంటేనే ఈ ప్రయోజనం దక్కుతుంది.

వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే ఖాతా నిరర్థక ఆస్తి అవుతుంది. సహ రుణగ్రహీతలైన తల్లిదండ్రులకు కూడా కొత్త అప్పు పుట్టడం కష్టమవుతుంది. కనుక మాఫీ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, గడువు దాటకముందే బ్యాంకును కలిసి వాయిదాల సవరణ కోరడం మేలు. మాఫీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వడ్డీ మాత్రం రోజూ పెరుగుతూనే ఉంటుంది.