మోటారు సైకిలు సంరక్షణ – యజమాని బాధ్యత

ఉదయం తొమ్మిదిన్నర గంటల వేళ కళాశాల ద్వారం వద్ద నిలబడి చూస్తే ఒక దృశ్యం కనిపిస్తుంది. నందిగామ వైపు నుండి, చిల్లకల్లు వైపు నుండి, పెనుగంచిప్రోలు వైపు నుండి విద్యార్థులు మోటారు సైకిళ్ళపై వచ్చి చేరుతుంటారు. వాటిలో అధిక భాగం 150 సి.సి. ప్రాంతపు చిన్న క్రీడా వాహనాలు. పత్తి అమ్మిన సొమ్ముతో తండ్రి కొనిచ్చినది ఒకటి, గల్ఫు దేశం నుండి అన్న పంపిన సొమ్ముతో కొన్నది మరొకటి, నెలవారీ వాయిదాలు ఇంకా తీరనిది వేరొకటి. ప్రతి బండి వెనుక ఒక కుటుంబపు కష్టార్జితం ఉన్నదనడంలో అతిశయోక్తి లేదు. అయితే ఆ బండి అద్దాలను రోజూ తుడిచేవారు కలరు గాని, చైను వదులైనదో లేదో వంగి చూచేవారు అరుదు. నేనును చాలాకాలం ఆ అరుదైన వారిలో చేరినవాడను కాను. తెలుగు పాఠం చెప్పుకొనే వానికి యంత్రంతో పనియేమి అనుకొనేవాడిని. ఆ అభిప్రాయాన్ని రెండు సంఘటనలు మార్చివేశాయి. వాటిని చెప్పి, వాటి వలన నేర్చుకొన్న నాలుగు మాటలు విద్యార్థి మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు అనుభవాలు

ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమై, 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన మన జగ్గయ్యపేట, నందిగామ పట్టణాల నడుమ దూరం సుమారు 30 కిలోమీటర్లు. హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారి మీదుగా ఆ దూరాన్ని నేను నా బండిపై నిత్యం ప్రయాణం చేస్తుంటాను. ఒకసారి వారం రోజుల పాటు ముందు బ్రేకు వేసినప్పుడల్లా సన్నగా కీచుమనే ధ్వని వినవచ్చింది. సిమెంటు లారీల వెంట వచ్చే దుమ్ము పట్టినదేమోనని ఉపేక్షించాను. ఎనిమిదవ రోజు ఉదయం ముందు పోతున్న లారీ హఠాత్తుగా ఆగింది. బ్రేకు పట్టినాను. గరగరమని ఇనుము ఇనుమును రాచిన శబ్దం వచ్చినది గాని బండి నిలువలేదు. రోడ్డు దిగి మట్టి అంచుకు మళ్ళించగలిగాను కనుక ఈ వ్యాసం వ్రాయగలుగుతున్నాను.

జగ్గయ్యపేటలో నేను బండి చూపించుకొనే ఉస్తాద్ చక్రం విప్పి, అరిగిపోయిన బ్రేకు ప్యాడును నా అరచేతిలో పెట్టాడు. రాపిడి పదార్థం పూర్తిగా పోయి రేకు మిగిలింది. డిస్కుపై గాట్లు పడినాయి. “సార్, బండి వారం నుంచి చెబుతానే ఉంది. మీరే ఇన్లేదు” అన్నాడు. సకాలంలో విని ఉంటే ప్యాడ్ల జత ఖర్చుతో పోయేది. వినలేదు కనుక డిస్కు కూడా మార్చవలసి వచ్చింది. డబ్బు సంగతి అటుంచి, ఆ మట్టి అంచు లేనిచోట లారీ ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించుటకు నేటికీ భయమే.

రెండవ సంఘటన వానాకాలంలో జరిగింది. ఒక సాయంత్రం చిల్లకల్లు దాటగానే బండి ఆగింది. మీట నొక్కితే ఇంజను లేస్తుంది, గేరు వేయగానే చచ్చిపోతుంది. దారిన పోయే ఒకరు ప్లగ్గు మార్చమన్నారు, మార్పించాను. మరునాడు మరొకరు బ్యాటరీ బలహీనమన్నారు, కొన్నాను. ఇంకొకరు పెట్రోలు చిమ్మే ఇంజెక్టరును శుభ్రపరచమన్నారు, అదీ చేయించాను. మూడు ఖర్చులైనా జబ్బు అట్లే ఉన్నది. చివరకు బండిని ఉస్తాద్ వద్దకు చేర్చితే అతడు ఒకే ప్రశ్న అడిగాడు: “న్యూట్రల్లో నడుస్తుందా సార్? గేరేస్తేనే ఆగుతుందా?” అవునన్నాను. వంగి సైడు స్టాండు దగ్గరి చిన్న స్విచ్చికి పట్టిన బురదను కడిగి, తుడిచాడు. బండి నడిచింది. స్టాండు వేసి ఉండగా గేరు పడితే ఇంజను ఆగిపోయేటట్లు చేసిన రక్షణ ఏర్పాటు అది. బురద వలన స్టాండు దించియే ఉన్నదని యంత్రం భ్రమపడింది.

మొదటి సంఘటన వలన బండి చెప్పే మాట వినాలని తెలుసుకొన్నాను. రెండవ దాని వలన, విన్న మాటకు అర్థం ఆలోచించిన తరువాతనే పానా పట్టాలని తెలుసుకొన్నాను. సంరక్షణ అంతా ఈ రెండింటిలో ఇమిడి ఉన్నది.

బండ్లు మారిన తీరు

మన దేశంలో చిన్న బండ్ల చరిత్రలో 1985 ముఖ్యమైన సంవత్సరం. యమహా ఆర్‌ఎక్స్ 100, హీరో హోండా సిడి 100 రెండూ ఆ సంవత్సరంలోనే వచ్చాయి. మొదటిది రెండు స్ట్రోకుల ఇంజనుతో వేగానికి, రెండవది నాలుగు స్ట్రోకుల ఇంజనుతో పొదుపునకు పేరుపొందాయి. ‘నింపండి, మూయండి, మరచిపొండి’ అనే అర్థం గల సిడి 100 ప్రకటన దేశమంతటా ప్రసిద్ధమైంది. పెట్రోలు సంగతి మరువవచ్చునేమో గాని, బండినే మరచిపోవడం మనవారు ఆనాడే అలవరచుకొన్నారేమో అనిపిస్తుంది! 2001లో బజాజ్ పల్సర్, 2008లో నీటితో చల్లబడే ఇంజను గల యమహా ఆర్ 15 వచ్చిన తరువాత క్రీడా వాహనం సామాన్య విద్యార్థికి అందుబాటులోనికి వచ్చింది. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు అమలు కావడంతో కొత్త బండ్లలో కార్బురేటరు స్థానాన్ని ఇంజెక్షను పద్ధతి ఆక్రమించింది. కావున పాత బండికి చెప్పిన చిట్కాలన్నీ కొత్త బండికి వర్తించవు. ఏ బండికి ఆ బండితో ఇచ్చిన పుస్తకమే ప్రమాణ గ్రంథం. దానిని డిక్కీలో మడిచిపెట్టక ఒక్కసారియైనా చదవాలి.

నిత్యం చూడవలసినవి

వీటికి ఐదు నిమిషాలకు మించి పట్టదు. ముందుగా టైర్లు. గాలి ఎంత ఉండవలెనో పుస్తకంలో ఉంటుంది. దానిని ఉదయం, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మన మెట్ట ప్రాంతపు మే నెల ఎండలో పరుగెత్తిన టైరులో గాలి వ్యాకోచించి కొలత ఎక్కువ చూపుతుంది. అది చూచి గాలి తీసివేస్తే చల్లబడిన తరువాత తక్కువపడుతుంది. టైరు గాళ్ళలో అక్కడక్కడ చిన్న మిట్టలు ఉంటాయి. అరిగిన టైరు ఉపరితలం ఆ మిట్టలతో సమానమైన నాడు టైరు ఆయుర్దాయం తీరినట్లే.

తరువాత బ్రేకులు. మీట పట్టినప్పుడు గట్టిగా తగలాలి. మెత్తగా లోనికి పోతున్నదంటే గొట్టాలలో గాలి చేరిందనో, ద్రవం తగ్గిందనో అర్థం. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొని క్రమంగా బలహీనపడుతుంది గనుక సాధారణంగా రెండేళ్ళకొకసారి మార్చాలి. బండిని నిలిపే శక్తిలో అధిక భాగం ముందు బ్రేకుదే. దానిని పట్టితే పడిపోతామని భయపడి వెనుక బ్రేకు ఒక్కదాన్నే తొక్కడం మన వైపు పలువురికి ఉన్న అలవాటు. అది సరికాదు. రెండింటినీ కలిపి, నిదానంగా బిగువు పెంచుతూ వాడాలి.

మూడవది చైను. దాదాపు 500 కిలోమీటర్లకొకసారి, వానలో తడిసినప్పుడు ఇంకా ముందుగానే, తుడిచి చైను నూనె వేయాలి. వదులు ఎంత ఉండవచ్చునో పుస్తకంలో గాని, వెనుక చక్రం వద్ద అంటించిన చీటీలో గాని ఉంటుంది. సాధారణంగా అది రెండు, మూడు సెంటీమీటర్లు. మరీ వదులైతే చైను జారి చక్రాన్ని బంధిస్తుంది. మరీ బిగువైతే బేరింగులను తినివేస్తుంది. చాలా క్రీడా వాహనాల చైను లంకెలలో సన్నని రబ్బరు రింగులుంటాయి. పెట్రోలుతో కడిగితే అవి పాడవుతాయి. అన్నిటికన్న ముఖ్యమైన హెచ్చరిక ఒకటి కలదు. ఇంజను నడుస్తుండగా, స్టాండుపై చక్రం తిరుగుతుండగా చైనును గుడ్డతో తుడవరాదు. ఆ విధంగా వ్రేళ్ళు పోగొట్టుకొన్నవారు లోకంలో తక్కువ మంది కారు. ఇంజను ఆపి, చక్రాన్ని చేతితో త్రిప్పుతూ తుడవాలి.

నూనె, నీరు, గాలి

చిన్న క్రీడా వాహనంలో ఇంజను ఆయిలు ఇంచుమించు ఒక లీటరు మాత్రమే. ఆ లీటరే ఇంజనును, గేర్లను, క్లచ్చిని కాపాడాలి. కావున కొద్దిగా తగ్గినా ప్రమాదమే. వారానికొకసారి బండిని నిటారుగా నిలబెట్టి మట్టం చూడాలి. కారుకు వాడే నూనెను చౌకగా దొరికిందని పోయరాదు. మన బండి క్లచ్చి నూనెలోనే మునిగి ఉంటుంది. జారుడు పెంచే పదార్థాలు కలిపిన కారు నూనె పోస్తే క్లచ్చి పట్టు తప్పి, ఇంజను అరుస్తున్నా బండి కదలదు. డబ్బాపై జాసో ఎంఎ లేక ఎంఎ 2 అన్న గుర్తు చూచి కొనాలి.

నీటితో చల్లబడే బండ్లలో రేడియేటరులో కూలెంటు ఉంటుంది. మనది సున్నపురాయి నేల. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు కర్మాగారాలు వెలసినది ఆ రాతి మూలంగానే. ఇట్టి నేలలోని బోరు నీటిలో సున్నం పాలు ఎక్కువ. ఇంట్లో నీరు కాచే పాత్ర అడుగున తెల్లగా గారకట్టే పదార్థమే రేడియేటరు సన్నని గొట్టాలలో కూడా పేరుకొంటుంది. కావున కూలెంటు తగ్గితే బోరు నీరు పోయరాదు. వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎన్నడూ తీయరాదు. ఆవిరి ముఖాన చిమ్మి కాల్చివేస్తుంది.

మనిషికి ఊపిరితిత్తులెట్లో ఇంజనుకు ఎయిర్ ఫిల్టరు అట్లా. సిమెంటు దుమ్ము, పత్తి చేల నల్లమట్టి దుమ్ము మనకు లోటు లేనివి. పుస్తకంలో చెప్పిన గడువు కంటె ముందుగానే మన ప్రాంతంలో ఫిల్టరును చూడాలి. నూనె పూసిన కాగితపు ఫిల్టరును గాలి కొట్టి శుభ్రం చేయడం పొరపాటు, దానిని మార్చవలసినదే.

బండి కదలనప్పుడు

ఏ పెట్రోలు ఇంజనుకైనా కావలసినవి మూడే: గాలితో కలిసిన పెట్రోలు, సరియైన వేళకు నిప్పురవ్వ, సిలిండరులో ఒత్తిడి. ఈ మూడింటిలో ఏది లోపించినదో కనుగొనడమే రోగ నిర్ణయం. వైద్యుడు నాడి చూడక మందు వ్రాయనట్లే, యజమాని క్రమంగా పరీక్షింపక వస్తువు కొనరాదు.

మీట నొక్కినా ఇంజను తిరగనే లేదా? అది పెట్రోలు లోపం కాదు. ఎర్రని ఆపు స్విచ్చి పొరపాటున నొక్కుకొన్నదేమో, గేరు న్యూట్రల్లో ఉన్నదో లేదో, సైడు స్టాండు పూర్తిగా పైకి లేచినదో లేదో చూడాలి. తరువాత బ్యాటరీ తీగల బిగువు, ఫ్యూజు చూడాలి. కదలక నిలిచిన బ్యాటరీ 12.6 వోల్టుల ప్రాంతం చూపితే నిండుగా ఉన్నట్లు. ఇంజను నడిచేటప్పుడు 13.5 నుండి 14.5 వరకు చూపకపోతే బ్యాటరీ దోషం కాదు, దానిని నింపే ఏర్పాటులోనే లోపం ఉన్నది.

తిరుగుతున్నది గాని లేవడం లేదా? తాళం త్రిప్పగానే ఇంజెక్షను బండిలో పెట్రోలు పంపు రెండు మూడు క్షణాలు సన్నగా మ్రోగుతుంది. ఆ ధ్వని లేకపోతే దృష్టి పంపుపై, దాని ఫ్యూజుపై పెట్టాలి. ధ్వని ఉంటే ప్లగ్గు, దాని తొడుగు చూడాలి. కార్బురేటరు గల పాత బండియైతే పెట్రోలు కుళాయి తెరిచి ఉన్నదో లేదో మొదట చూడడం మేలు.

కొంతదూరం నడిచి ఆగి, కొంతసేపటికి మళ్ళీ నడుస్తున్నదా? టాంకు మూత తీయగానే ‘సుస్సు’మని గాలి పీల్చుకొంటే, మూతలోని గాలి రంధ్రం పూడుకొన్నదని గ్రహించాలి. వేడెక్కి ఆగుతుంటే కూలెంటు మట్టం, రేడియేటరు రేకుల మధ్య పేరుకొన్న బురద, ఫ్యాను చూడాలి. ఇంజను దీపం వెలిగి ఆరకపోతే అది యంత్రం వ్రాసి ఇచ్చిన ఫిర్యాదు. ఆ ఫిర్యాదును చదివే పరికరం ఉన్నచోటికి తీసికొనిపోవాలి.

వరద నీటి విషయం మనవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం వద్ద జాతీయ రహదారిపైకి నీరు వచ్చి రాకపోకలు నిలిచిపోయిన సంగతి అందరికీ జ్ఞాపకమే. నీటిలో మునిగిన బండిని తీసిన వెంటనే స్టార్టు చేయరాదు. గాలి నొక్కుకొంటుంది గాని నీరు నొక్కుకొనదు. సిలిండరులో చేరిన నీటిపై పిస్టను బలంగా వచ్చి తగిలితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వందలతో పోయేది వేలకు వస్తుంది. ఇంజను ఆయిలు పాలవలె తెల్లబడితే దానిని మార్చనిదే నడపరాదు. ఇక ప్రవహించే నీటిలోనికి బండిని దించడం గురించి చెప్పనవసరం లేదు, అది ప్రాణంతో పందెం.

ఎక్కడ ఆగాలి?

యజమాని అన్నీ తానే చేయబూనడం కూడా అవివేకమే. గాలి, చైను, ఆయిలు, ఫ్యూజు, ప్లగ్గు, తీగల బిగువు మన చేతి పనులు. బ్రేకు ద్రవం మార్చడం, ఇంజను విప్పడం, పెట్రోలు గొట్టాలు, ఎలక్ట్రానిక్ పెట్టె ఉస్తాద్ పనులు. అయితే ఉస్తాద్ వద్దకు పోయినప్పుడు “బండి బాగాలేదు” అనడం కంటె “న్యూట్రల్లో నడుస్తున్నది, గేరు వేస్తే ఆగుతున్నది” అని చెప్పగలిగితే సగం పని అయినట్లే. ఎప్పుడు, ఎట్టి పరిస్థితిలో, ఏ ధ్వనితో అన్న మూడు ప్రశ్నలకు సమాధానం సిద్ధం చేసుకొని పోవాలి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, చేసిన పని వ్రాసుకొంటే మరీ మంచిది.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. బండ్లు నిలిపే షెడ్డులో టైరు గాలి కొలిచే పరికరం ఒకటి ఉంచితే ఎంతో ఉపకారం. సంవత్సరానికొక పూట మన ఊరి ఉస్తాద్‌ను పిలిపించి విద్యార్థుల చేత చైను తుడిపించి, బ్రేకు ప్యాడు చూపించే ఏర్పాటు చేస్తే అది ఏ ఉపన్యాసానికీ తీసిపోదు. అరిగిన ప్యాడును ఒక్కసారి అరచేతిలో పెట్టి చూపిస్తే చాలు, విద్యార్థి దానిని మరువడు. నేను మరువలేదు.