కంతి తీయడం సగం పనే. పొట్టగోడ కట్టడం మిగతా సగం

పెద్దాపరేషన్ అయి రెండేళ్ళు దాటింది. కోత మానింది. బిడ్డ నడుస్తున్నాడు. ఒకనాడు స్నానం చేస్తుండగా కోత మచ్చ పక్కన చేతికి గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. కొవ్వు గడ్డేలే అని ఇంట్లో వాళ్ళు తీసిపారేశారు. నిమ్మకాయంత ఉన్నది ఆరు నెలలకు బత్తాయంత అయింది.

పొట్టగోడలో కంతితో ఆసుపత్రికి వచ్చే స్త్రీల కథ తరచు ఇలాగే మొదలవుతుంది. వైద్యుడిని వారు మొదట అడిగేది 'ఇది క్యాన్సరా?' అని. అడగవలసిన రెండో ప్రశ్న చాలామందికి తోచదు. 'దీన్ని తీసేశాక ఆ ఖాళీని దేనితో పూడుస్తారు?' ఆ స్త్రీ మళ్ళీ నీళ్ళ బిందె ఎత్తగలదా, నాట్లకు నడుము వంచగలదా అన్నది ఈ రెండో ప్రశ్నకు దొరికే జవాబు మీదనే ఆధారపడి ఉంటుంది.

మచ్చ పక్కన గడ్డలన్నీ ఒకటి కావు

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో పెద్దాపరేషన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతమే. పొట్ట మీద కోత మచ్చ ఉన్న స్త్రీలు మన ప్రాంతంలో ఎక్కువ కాబట్టి, ఆ మచ్చ దగ్గర వచ్చే గడ్డల సంగతి తెలుసుకోవడం అవసరం.

దగ్గినప్పుడు ఉబికి, పడుకుంటే లోపలికి పోయే గడ్డ సాధారణంగా హెర్నియా అయి ఉంటుంది. నెలసరి రోజుల్లో నొప్పి, వాపు ఎక్కువయ్యేది చాలావరకు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొర కణాలు కోతలో చిక్కుకుని పెరగడం వల్ల అది వస్తుంది. పడుకున్నా పోకుండా, రాయిలా గట్టిగా, కండరానికి అంటుకుని ఉండి, నెలనెలా పెరిగే గడ్డను మాత్రం కంతిగా అనుమానించాలి. అయితే ఇవి గుర్తులే గాని తీర్పు కాదు. తేల్చవలసింది స్కానింగూ, ముక్క పరీక్షే.

సూది గుచ్చితే గడ్డ పాకుతుందన్న భయంతో కొందరు ముక్క పరీక్షకు ఒప్పుకోరు. ఇది పొరపాటు. కంతి ఏ జాతిదో తెలియకుండా కోయడమే అసలు ప్రమాదం. తెలియక సగం కోసి వదిలిన కంతిని రెండోసారి తీయడం మరింత కష్టం.

డెస్మాయిడ్ - వింత కంతి

పొట్టగోడలో పుట్టే కంతుల్లో ప్రత్యేకంగా చెప్పుకోవలసింది డెస్మాయిడ్. 1832లో మాక్‌ఫార్లేన్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు. 1838లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యొహానెస్ ముల్లర్ ఆ పేరు పెట్టాడు. నరపు కట్టులా గట్టిగా ఉండేదని దాని అర్థం. ఇది అరుదైన జబ్బు. ఏడాదికి పది లక్షల మందిలో సుమారు ఇద్దరి నుంచి అయిదుగురికి వస్తుందని అంచనా. పొట్టగోడలో వచ్చేవి ఎక్కువగా పిల్లలను కనే వయసు స్త్రీలలో, గర్భంతో ఉన్నప్పుడు గాని, కాన్పు తర్వాత గాని కనిపిస్తాయి.

ఇది క్యాన్సర్‌లా ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకదు. కాని ఉన్నచోటనే వేళ్ళు తన్ని పక్క కండరాలను ఆక్రమిస్తుంది. తీసిన తర్వాత మళ్ళీ పుట్టనూవచ్చు. పెద్దపేగులో వందలాది పిలకలు పుట్టే వంశపారంపర్య జబ్బు ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. అందుచేత ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట వైద్యుడికి తప్పక చెప్పాలి.

ఒకప్పుడు డెస్మాయిడ్ అని తేలగానే కత్తి పట్టేవారు. ఇప్పుడు పద్ధతి మారింది. ఈ కంతుల్లో కొన్ని పెరగడం మానేస్తాయి, కొన్ని వాటంతట అవే తగ్గుతాయి. అందువల్ల మొదట కొంతకాలం ఎం.ఆర్.ఐ. తీస్తూ కనిపెట్టి ఉండాలని 2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. మందులూ వచ్చాయి. సొరాఫెనిబ్ పనిచేస్తున్నదని 2018లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. 2023 నవంబరులో నిరోగాసెస్టాట్ అనే మందుకు అమెరికా అనుమతి ఇచ్చింది. అయినా కంతి పెరుగుతూ బాధ పెడుతుంటే, పొట్టగోడ విషయంలో శస్త్రచికిత్స మంచి మార్గమే. సార్కోమా వంటి అసలు క్యాన్సర్ అయితే మాత్రం వేచి చూసే ప్రశ్న లేదు.

గోడ అంటే వట్టి చర్మం కాదు

మన పొట్ట ముందు భాగంలో నడిమధ్య బొడ్డుకు అటూ ఇటూ రెండు నిలువు కండరాలున్నాయి. వాటికి రెండు పక్కలా ఒకదానిపై ఒకటిగా మూడేసి బల్లపరుపు కండరాలున్నాయి. నులక మంచం అల్లికలో తాళ్ళు ఒకదానికొకటి అడ్డంగా పోయినట్లు ఈ పొరల పోగులు ఒక్కొక్కటి ఒక్కో వైపు పోతాయి. గోడకు బలం ఇచ్చేది ఆ అల్లికే. పేగులను పట్టి ఉంచేది, దగ్గడానికి, ముక్కడానికి, బరువెత్తడానికి, వెన్నెముకను నిలబెట్టడానికి తోడ్పడేది ఈ గోడే.

కంతిని తీసేటప్పుడు దాని చుట్టూ కొంత మంచి కండరాన్ని కూడా కలిపి తీయవలసి వస్తుంది. ఉదాహరణకు కంతి 8 సెం.మీ. ఉండి, చుట్టూ 2 సెం.మీ. చొప్పున తీస్తే గోడలో 12 సెం.మీ. కంత పడుతుంది. దానిపై చర్మం మాత్రమే కుట్టి పంపిస్తే పేగులు తోసుకుని బయటికి ఉబుకుతాయి. కంతి పోయి హెర్నియా వచ్చినట్లవుతుంది.

కంత పూడ్చే పద్ధతులు

చిన్న కంత అయితే అంచులు దగ్గరకు తెచ్చి కుట్టేస్తారు. పెద్దదాన్ని బలవంతంగా లాగి కుట్టకూడదు. పాత గుడ్డను బిగలాగి కుడితే కుట్టు పక్కనే చిరిగినట్లు కండరం కూడా చిరుగుతుంది.

అటువంటప్పుడు అక్కరకు వచ్చేది వల. వైద్యులు దీన్ని మెష్ అంటారు. అమెరికాలోని హూస్టన్‌లో ఫ్రాన్సిస్ అషర్ అనే సర్జన్ 1958లో ప్లాస్టిక్ వలతో చేసిన పనిని ప్రకటించాడు. ఆ తర్వాత పాలీప్రొపిలీన్ వల వాడుకలోకి వచ్చింది. బియ్యం సంచులు నేసేది ఆ జాతి ప్లాస్టిక్‌తోనే. కాకపోతే శరీరంలో పెట్టేది సన్నని పోగుతో, ప్రత్యేకంగా తయారై, సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధి అయినది. వల కన్నాల్లోంచి శరీరం కొత్త కణజాలాన్ని పెంచుకుని దాన్ని తనలో కలుపుకుంటుంది. వట్టి పాలీప్రొపిలీన్ పేగులకు నేరుగా తగిలితే అవి అతుక్కుపోతాయి. అందుకే మధ్యలో పొట్ట లోపలి పొరను అడ్డం పెడతారు, లేదా ఒక పక్క పూత ఉన్న వలను వాడతారు. చీము పట్టిన చోట వల పెట్టడం కష్టం.

రెండో పద్ధతిని 1990లో ఆస్కార్ రమిరెజ్ బృందం ప్రకటించింది. పక్కనున్న మూడు పొరల్లో పై పొరను విడదీస్తే నిలువు కండరం సడలి మధ్యకు జరుగుతుంది. నడుము మట్టాన ఒక్కో వైపు 10 సెం.మీ. వరకు జరపవచ్చునని వారు చూపారు. ఇందులో పరాయి వస్తువుతో కాక సొంత కండరంతోనే గోడ కడతారు. అవసరమైతే దానికి వలను తోడు చేస్తారు.

కండరంతో పాటు చర్మం కూడా పోయినప్పుడు తొడ నుంచి చర్మాన్ని, దాని కింది గట్టి పొరను రక్తనాళంతో సహా తెచ్చి అతుకుతారు. తొడ ముందు పక్క భాగం నుంచి ఇలా తీయవచ్చునని 1984లో చైనా వైద్యులు వివరించారు. ఈ పనికి క్యాన్సర్ సర్జన్‌తో పాటు ప్లాస్టిక్ సర్జన్ కూడా కావాలి. ప్లాస్టిక్ సర్జరీ అంటే అందం కోసమే అనుకునేవారు గమనించవలసిన విషయమిది.

ఇంటికి వచ్చాక

ఆపరేషన్ తర్వాత వీలైనంత త్వరగా నడిపిస్తారు. దగ్గు వస్తే దిండు పొట్టకు అదుముకుని దగ్గాలి. వైద్యుడు చెబితే పొట్ట బెల్టు కట్టుకోవాలి. బరువులు ఎన్నాళ్ళు ఎత్తకూడదన్నది గోడ కట్టిన తీరును బట్టి ఉంటుంది. సామాన్యంగా అది వారాల్లో కాదు, నెలల్లోనే లెక్క. పచ్చిబాలింతకు ఇచ్చే విశ్రాంతి ఈ మనిషికీ ఇవ్వాలని ఇంట్లో వారు గుర్తుంచుకోవాలి. చుట్ట, బీడీ, సిగరెట్ గాయాన్ని మాననివ్వవు. చక్కెర వ్యాధి ఉంటే ఆపరేషన్‌కు ముందే అదుపులోకి తెచ్చుకోవాలి. కుట్లు మానాయి కదా అని తనిఖీలు మానకూడదు. మళ్ళీ బిడ్డ కావాలనుకునేవారు ముందే ఆ సంగతి వైద్యుడితో మాట్లాడుకోవడం మంచిది.

ఇలాంటి కేసులు క్యాన్సర్ వైద్యం, ప్లాస్టిక్ సర్జరీ రెండూ ఉన్న పెద్ద ఆసుపత్రిలో చూపించుకోవడం మేలు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట నడిచే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీ భాభా ఆసుపత్రి క్యాన్సర్ వైద్యానికే ఏర్పడ్డవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తర్వాత పథకాల పేర్లు, మొత్తాలు మారుతూ వచ్చాయి గనుక, ఏది వర్తిస్తుందో చేరే ముందే ఆసుపత్రిలో కనుక్కోవాలి.

ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. ముక్క పరీక్షలో ఏమని తేలింది? ఇప్పుడే తీయాలా, కనిపెట్టి ఉండవచ్చునా? తీస్తే ఎంత కంత పడుతుంది? దాన్ని ఎవరు, దేనితో పూడుస్తారు? నాలుగింటికీ జవాబు దొరికిన తర్వాతనే సంతకం పెట్టాలి.