పొయ్యి మారింది... చట్టమూ మారింది!

కొన్న పొయ్యి ఏడాదిన్నరకే పాడైంది. లోపం వస్తువులోనే ఉందని ఒప్పుకొని కంపెనీ కొత్తది ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ ‘ఇన్నాళ్లూ పాతది వాడుకున్నారుగా... దానికి డబ్బు కట్టండి’ అంది! కట్టాలా, అక్కర్లేదా? జర్మనీలో ఓ వంటింట్లో పుట్టిన ఈ ప్రశ్న సరిహద్దు దాటి లక్సెంబర్గ్‌ వెళ్లింది. వందేళ్లనాటి చట్టాన్ని మార్పించి మరీ వచ్చింది.

2002 ఆగస్టులో జర్మనీకి చెందిన ఓ మహిళ ఇంట్లో వాడుకోవడానికి ఓవెన్‌తో కూడిన స్టవ్‌ కొన్నారు. ధర 524.90 యూరోలు. అమ్మింది క్వెల్లె అనే పెద్ద మెయిల్‌ ఆర్డర్‌ సంస్థ. 2004 మొదట్లో చూస్తే ఓవెన్‌ లోపలి ఎనామిల్‌ పూత ఊడిపోయి ఉంది. బాగుచేయడం కుదరదు కాబట్టి సంస్థ కొత్త స్టవ్‌ ఇచ్చింది. పాతదాన్ని వాడుకున్నందుకు 69.97 యూరోలు అడిగింది. ఆమె కట్టేశారు. అక్కడితో కథ ముగిసేదే. కానీ, వినియోగదారుల సంఘాల సమాఖ్య ఊరుకోలేదు. ఆ డబ్బు తిరిగివ్వాలంటూ ఆమె తరఫున కోర్టుకెక్కింది.

కింది కోర్టుల్లో గెలిచినా కేసు జర్మనీ ఫెడరల్‌ కోర్టు దాకా వెళ్లింది. అక్కడొచ్చింది చిక్కు. పాతది తిరిగిచ్చి కొత్తది తీసుకునేవారు వాడకం విలువ చెల్లించాలని ఆ దేశ సివిల్‌ కోడ్‌లోనే ఉంది. అది సబబుగా లేదని జడ్జీలకు అనిపించినా, చట్టంలో అంత స్పష్టంగా ఉన్నదాన్ని కాదనేదెలా? అందుకే 2006లో యూరోపియన్‌ యూనియన్‌ న్యాయస్థానాన్ని అడిగారు.

పైనుంచి వచ్చిన మాట

దేశంలోని కొనుగోళ్లు, అమ్మకాల గొడవలో బయటి కోర్టుకేం పని అనిపించవచ్చు. ఈయూలో ‘డైరెక్టివ్‌’ అనే పద్ధతి ఒకటుంది. ప్రజలకు ఏ ప్రయోజనం అందాలో అందులో రాస్తారు. దాన్ని సాధించే చట్టాన్ని ఏ దేశానికి ఆ దేశం తన పద్ధతిలో చేసుకుంటుంది. మాట ఈయూది, రాత దేశానిది అన్నమాట. ఆ మాటకు అర్థమేమిటన్న సందేహం వస్తే తీర్చేది లక్సెంబర్గ్‌లోని న్యాయస్థానం.

1999లో వచ్చిన అలాంటి డైరెక్టివ్‌ ఒకటి, కొత్త వస్తువులో లోపం బయటపడితే అమ్మినవారు రెండేళ్లపాటు బాధ్యత వహించాలంది. మరమ్మతు చేసినా, మార్చి ఇచ్చినా ఉచితంగానే చేయాలంది. జర్మనీ సివిల్‌ కోడ్‌ 1900 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో ఇలాంటి వస్తువులకు గడువు ఆరు నెలలే! డైరెక్టివ్‌ పుణ్యమా అని 2002 జనవరి 1 నుంచి అది రెండేళ్లయింది. గడువు పెరిగింది కానీ, ‘వాడకం డబ్బు’ మెలిక మాత్రం మిగిలిపోయింది.

ఉచితమంటే ఉచితమే

2008 ఏప్రిల్‌ 17న తీర్పు వచ్చింది. కొన్నవారు పూర్తి ధర కట్టి తమ మాట నిలబెట్టుకున్నారు. సరైన వస్తువు ఇవ్వనిది అమ్మినవారు. అలాంటప్పుడు కొత్తది ఇచ్చినందుకు ఏ రూపంలోనూ డబ్బు అడగకూడదంది కోర్టు. ఎదురు డబ్బు కట్టాల్సి వస్తుందన్న భయంతో జనం తమ హక్కును అడగడమే మానేస్తారని కూడా చెప్పింది.

అదే ఏడాది నవంబరులో ఫెడరల్‌ కోర్టు ఆ తీర్పుకు తగ్గట్టే కేసు తేల్చింది. డిసెంబరులో చట్టాన్నీ సవరించారు. డెబ్భై యూరోలైనా లేని గొడవ ఎనిమిది కోట్లమంది కొనుగోలుదారులకు హక్కు తెచ్చిపెట్టింది!

టైల్స్‌ ఎవరు పీకాలి?

మరో ఇంటి కథ చూడండి. ఒకాయన 1,382.27 యూరోల టైల్స్‌ కొన్నారు. మూడింట రెండొంతులు పరిచాక వాటిమీద మరకల్లాంటి ఛాయలు కనిపించాయి. టైల్స్‌ మార్చి ఇస్తే సరిపోతుందా? పరిచినవి పీకాలి, కొత్తవి పరచాలి. మొత్తం 5,830.57 యూరోల ఖర్చని తేలింది. కొన్న ధరకు నాలుగింతలు! పీకి పరిచే ఖర్చూ అమ్మినవారిదేనని 2011 జూన్‌ 16న ఈయూ న్యాయస్థానం చెప్పింది. అయితే, మరీ భారమైతే న్యాయమైన మేరకు తగ్గించవచ్చంది.

వ్యాపారుల బాధా కొట్టిపారేయలేం. టైల్స్‌ తయారుచేసింది దుకాణదారు కాదు కదా! 2018 జనవరి 1 నుంచి జర్మనీ చట్టం మారి, అమ్మినవారు ఆ ఖర్చును సరకు సరఫరా చేసినవారినుంచి రాబట్టుకునే వీలు కల్పించింది. 2022 జనవరి 1 నుంచి కొత్త డైరెక్టివ్‌ ప్రకారం, ఏడాదిలోపు లోపం కనిపిస్తే అది మొదట్నుంచీ ఉన్నట్టే లెక్క. కాదని నిరూపించుకోవాల్సింది అమ్మినవారే. అంతకుముందు అది ఆరు నెలలే.

చదువుకో, ఉద్యోగానికో జర్మనీ వెళ్లిన మన పిల్లలకూ ఈ హక్కులున్నాయి. దుకాణంలో కొన్న వాషింగ్‌మెషీన్‌ పాడైతే పాస్‌పోర్టు ఏ దేశానిదని చట్టం అడగదు. కంపెనీ ఇచ్చే వారంటీ కార్డుతోనూ దీనికి సంబంధం లేదు. బిల్లు జాగ్రత్తగా దాచుకోమని చెప్పండి చాలు.

మరి మనకో?

మనకు ఈయూలాంటి పై కోర్టు లేదు. కానీ, మన వినియోగదారుల చట్టం వెనకా దేశాలను దాటిన మాట ఒకటుంది. 1985లో ఐక్యరాజ్యసమితి వినియోగదారుల రక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలే, పాటించి తీరాలని లేదు. అయినా మరుసటి ఏడాదే, 1986లో మన పార్లమెంటు చట్టం చేసింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది.

‘ఒకసారి అమ్మిన సరకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు మన దుకాణాల్లో చూస్తూనే ఉంటాం. లోపమున్న వస్తువు విషయంలో ఆ బోర్డు చెల్లదు. బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోయినా, డబ్బు తిరిగివ్వకపోయినా అది అనుచిత వ్యాపారమేనంటుంది 2019 చట్టం. దుకాణదారు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కి ఫోన్‌ చేయొచ్చు. ‘పోనీలే, ఎంత డబ్బని’ అనుకునే ముందు ఆ 69.97 యూరోలను ఒకసారి గుర్తుచేసుకోండి.