వెనక లైటుకు నల్ల ఫిలిం

మన బస్తీల్లో ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ కార్లు బాగానే వచ్చినయి. నా చిన్నప్పుడు సైకిల్‌కు డైనమో లైటు ఉంటేనే గొప్ప. ఇప్పుడు సాంచెల చప్పుడు వినిపించే గల్లీలోనే, గోడకు ఆనుకొని ఒక పాత వ్యాగనార్ నిలబడి ఉంటది. బండి ఇంటికి వచ్చినంక పిల్లలు ఊరుకోరు. సీటు కవర్లు అంటరు, అద్దం మీద దేవుడి పేరు అంటరు, వెనక లైట్లకు నల్ల ఫిలిం అంటరు. ఆ నల్ల ఫిలిం గురించి నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్న. ఎందుకంటే మా ఇంటి బండికి దాన్ని వేసింది ఎవరో కాదు, నేనే.

నేను సోలాపూర్‌ల 30 ఏళ్లు రంగు ఖాతాలో పని చేసిన. మొదట మిల్లులో, అది మూతబడ్డంక టవెళ్ల కారఖానాలో. నాలుగో తరగతి చదువు. కానీ ఏ రంగు మీద ఏ రంగు పడితే ఏమైతదో నా కళ్లకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు నాకు తట్టలేదు. అదే నా బాధ.

మా బిడ్డ కొడుకు మా దగ్గరనే ఉండి ఐటీఐ చదువుతున్నడు. వాడు ఫోన్‌ల చూసి స్మోక్ ఫిలిం ముక్క తెచ్చిండు. "తాతా, నీ చేతిలో బట్ట ముడత పడదు గదా, ఇది కూడా నువ్వే వెయ్యి" అన్నడు. నాకు ఉబ్బు వచ్చింది. లైటును సబ్బు నీళ్లతో కడిగి తుడిచినం. మళ్లీ సబ్బు నీళ్లు సీసాతో కొట్టి, ఆ తడి మీద ఫిలిం పరిచినం. తడి ఉంటేనే అటు ఇటు జరపొచ్చు. కోడలి వెంట్రుకలు ఆరబెట్టే మిషన్ తెచ్చి వేడి గాలి పెడితే ఫిలిం రబ్బరు లెక్క మెత్తబడి వంపులకు అతుక్కుంటది. పాత ఏటీఎం కార్డుకు బట్ట చుట్టి, నడుమ నుంచి అంచులకు నీళ్లు నెట్టిన. అంచుల బ్లేడుతో కోసినం. రెండు లైట్లకు మూడు గంటలు పట్టింది. ఒక్క బుడగ లేదు. షోరూం నుంచి ఇప్పుడే దిగిన బండి లెక్క ఉందని గల్లీ అంతా మెచ్చుకున్నది. పక్కింటి పిల్లగాడు ఫిలిం దొరకక తన కారుకు నల్ల స్ప్రే పెయింట్ కొట్టుకున్నడు.

రెండు నెలలు కాలేదు. చెరుకు కోతల కాలం. మా కొడుకు, కోడలు, ఆరేళ్ల మనుమరాలు పెండ్లికి పోయి రాత్రి తొమ్మిదింటికి మోహోళ్ దిక్కు నుంచి వస్తున్నరు. ముందర చెరుకు నింపిన ఎడ్లబండి. దానికి వెనక ఏ లైటూ లేదు. దగ్గరికి వచ్చినంక కనబడి మా వాడు గట్టిగ బ్రేకు కొట్టిండు. బండి ఆగింది. వెనక నుంచి పాల టెంపో వచ్చి గుద్దింది. డిక్కీ లోపలికి పోయింది, కుడి లైటు పొడి పొడి అయింది. పిల్ల ముఖం ముందు సీటుకు తగిలి పెదవి చీలింది. మూడు కుట్లు.

టెంపో నడిపేటోడు పాతికేళ్ల మరాఠీ పిల్లగాడు. "మీ బ్రేకు లైటు పడలేదు" అని మొత్తుకున్నడట. ఎవరు వింటరు? వెనక నుంచి గుద్దినోడిదే తప్పు అన్నది రోడ్డు మీద లెక్క. ఫోన్లు చేస్తే మా వాళ్లు నలుగురు పోయినరు. అతని దగ్గర 4,000 రూపాయలు తీసుకున్నరు. నేను ఇంట్ల ఉండి, మంచి పని చేసినరు అన్న.

తెల్లారి సాయంత్రం ఎందుకో మనసు ఆగలేదు. ఎడమ లైటు బాగనే ఉంది. మనుమడిని బండిల కూర్చోబెట్టి, గల్లీలో 40 అడుగులు వెనక్కి పోయి నిలబడిన. "బ్రేకు తొక్కురా" అన్న. "తొక్కే ఉన్న తాతా" అన్నడు. నాకు మామూలు లైటు వెలుగుతున్నట్టే ఉన్నది. అక్కడనే కూలబడిన.

సంగతి ఏందంటే, ఇట్లాంటి పాత బండ్లల్ల వెనక బల్బు ఒక్కటే, లోపల తీగలు రెండు. ఒకటి 5 వాట్లది, హెడ్‌లైటు వేసినప్పుడు సన్నగ వెలుగుతది. ఇంకొకటి 21 వాట్లది, బ్రేకు తొక్కితేనే వెలుగుతది. వెనక వచ్చేటోనికి ఈ తేడానే సైగ. ఎరుపు గాజు అనేది ముందే ఒక జల్లెడ, ఎరుపును వదిలి మిగతా వెలుగును మింగుతది. మేం దాని మీద వేసిన ఫిలిం వెలుగును నాలుగో వంతే వదిలేది అనుకోండి. అప్పుడు బ్రేకు వెలుగు వెనకోనికి చాలా సన్నగ కనబడుతది. ఈ బండి మామూలుగ పోతుంది అనుకుంటడు. 80 స్పీడ్‌ల ఉంటే ఒక్క సెకనుకు 22 మీటర్లు వస్తడు. ఎరుపు బట్టను తీసుకపోయి నల్ల తొట్టిల ముంచితే ఎరుపు ఏడ కనబడుతది? ఇది నాకు ఒకరు చెప్పాల్నా!

ఇంకొకటి ఉన్నది. చాలా బండ్లల్ల ఆ ఎరుపు గాజులోనే గళ్లు గళ్లుగా రిఫ్లెక్టర్ ఉంటది. బండి చెడిపోయి చీకట్ల ఆగినా, వెనకోని లైటు పడితే అది మెరుస్తది. ఫిలిం వేస్తే వెలుగు పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి తగ్గుతది. నాలుగో వంతుల నాలుగో వంతు, అంటే పదహారో వంతు. ఉన్నా లేనట్టే.

కారు అద్దాలకు నల్ల ఫిలిం వద్దని 2012ల సుప్రీంకోర్టు చెప్పింది, అది అందరికీ తెలుసు. లైట్లను ఎవరూ అడగరని పిల్లల ధైర్యం. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చొద్దని 1988 మోటారు వాహనాల చట్టంల 52వ సెక్షన్ ఉన్నది. జరిమానా సంగతి పక్కన పెట్టండి, మా పిల్ల పెదవి మీద గీత ఇప్పటికీ ఉంది.

ఇప్పటికే వేసుకున్నోళ్లు తీసెయ్యడం కష్టం కాదు. అదే వేడి గాలి పెట్టి, ఒక మూల లేపి, మెల్లగ గుంజాలె. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి, సబ్బు నీళ్లతో తుడిస్తే పోతది. థిన్నర్ మాత్రం పెట్టొద్దు. పక్కింటి పిల్లగాడు పెయింట్ పోవాలని థిన్నర్‌తో రుద్దితే ప్లాస్టిక్ మీద తెల్లగ సన్న పగుళ్లు వచ్చినయి, కొత్త లైట్లు కొనాల్సి వచ్చింది. పెయింట్ అయితే నీళ్లు పోసుకుంట 800 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 1000, 1500, 2000 దాక రుద్ది, చివర పాలిష్ పెట్టాలె. ఓపిక పని. మాసిపోయిన గాజు కూడా ఇట్లనే మెరుస్తది. షోకు కావాలంటే అది చేసుకోండి, బంపరు మీద ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అతికించుకోండి.

ఆ 4,000 నాకు నిద్ర పట్టనియ్యలేదు. మా కొడుకు ఒప్పుకోలేదు, "పిల్లకు కుట్లు పడ్డయి, డబ్బులు వాపసు ఇస్తవా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మనుమడిని తీసుకొని పోయిన. ఆ రోజు రాసుకున్న ఫోన్ నంబరు ఉండె, అడ్రసు కనుక్కున్నం. చేను పక్కన రెండు గదుల ఇల్లు. సంగతి మరాఠీల చెప్పి, తప్పు మాదే అని డబ్బులు చేతిల పెట్టిన. పిల్లగాడు ఏమీ అనలేదు. లెక్కపెట్టిండు. వెయ్యి రూపాయలు తిరిగి ఇచ్చి, "నేను కూడా దగ్గర దగ్గరనే వస్తున్న కాకా, పాపకు ఏమన్న కొనియ్యి" అన్నడు.

వాళ్ల అమ్మ చాయ్ పోసింది. లేచి వస్తుంటే మనుమడు టెంపో వెనక్కి పోయి చూసిండు. కుడి వైపు బ్రేకు బల్బు పోయింది. "అన్నా, ఇది వెలుగుత లేదు" అన్నడు. ఆ పిల్లగాడు తల గోక్కున్నడు. మావోడు సంచిల నుంచి స్క్రూడ్రైవర్ తీసిండు.