అమ్మకానికి లేని నేల: నికోబారు దీవులు



పులివెందుల ప్రాంతంలో చీనీతోట పెట్టిన ఏ రైతును అడిగినా ఒక మాట చెబుతాడు. మొక్క నాటి కాపు చూడాలంటే ఏళ్ళ తరబడి కాచుకోవాలి. ఈలోగా బోరు ఎండిందంటే చెట్టు పోతుంది, అప్పు మిగులుతుంది. అయితే ఒకే ఒక్క ఉదయాన ఊరిలోని చెట్లన్నీ, ఇళ్ళన్నీ, బంధువులలో అనేకులూ పోతే ఆ ఊరి వాళ్ళు మళ్ళీ ఎలా లేచి నిలబడతారు? అటువంటి దినాన్ని చూసిన క్రైస్తవ ప్రజ ఒకటి మన దేశంలోనే ఉంది. వారే నికోబారు దీవుల వారు. వారి నేలను గూర్చి, వారి పరిపాలనను, జీవనాన్ని గూర్చి ఈ నెల మన కుటుంబాలకు తెలియజేయాలని మేము ఆశించాము.

ఎక్కడున్నాయి?

మన కోస్తా తీరం నుండి బంగాళాఖాతంలో సుమారు 1,200 కిలోమీటర్లు వెళితే అండమాన్ నికోబార్ దీవులు వస్తాయి. ఇవి ఉత్తరం నుండి దక్షిణానికి 700 కిలోమీటర్లకు పైగా వరుసగా పరచుకొని ఉన్నాయి. చిన్నా పెద్దా కలిపి వందల సంఖ్యలో దీవులున్నా మనుషులు నివసించేవి ముప్పై పైచిలుకు మాత్రమే. మొత్తం వైశాల్యం 8,249 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత కడప జిల్లాలో సగానికి కొంచెం ఎక్కువ. అందులోనూ ఎక్కువ భాగం అడవే. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి ప్రజలు 3,80,581 మంది. అదే లెక్కలలో మన జిల్లా జనాభా 28 లక్షలు దాటింది.

ఉత్తరాన ఉన్నవి అండమాన్ దీవులు, దక్షిణాన ఉన్నవి నికోబారు దీవులు. రెంటి మధ్య పది డిగ్రీల జలసంధి అనే లోతైన సముద్రం ఉంది. నికోబారు జిల్లా మొత్తం జనాభా 2011లో 36,842. పులివెందుల పట్టణంలో ఉన్నంత మంది కూడా లేరన్నమాట. దక్షిణపు కొసనున్న ఇందిరా పాయింట్ నుండి ఇండోనేషియా దేశం రమారమి 150 కిలోమీటర్లే.

రాజధాని పోర్ట్ బ్లెయిర్. దాని పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడ దిగితే తెలుగు మాట వినబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వలస వెళ్ళిన మత్స్యకారులు, కూలీలు, ఉద్యోగులు అక్కడే స్థిరపడ్డారు. ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు.

మన జిల్లాలో ఏడాదికి 700 మిల్లీమీటర్లు వాన పడితే మంచి ఏడాది అనుకుంటాం. అక్కడ 3,000 మిల్లీమీటర్ల వరకు కురుస్తుంది. అయినా పోర్ట్ బ్లెయిర్ వాసులు మంచినీటికి ఇబ్బంది పడిన వేసవులు ఎన్నో ఉన్నాయి. కొండలు ఏటవాలుగా ఉండి, ఏర్లు పొట్టివి కావడంతో కురిసిన వాన సముద్రంలోకి జారిపోతుంది. వాన పడడం వేరు, నీరు నిలవడం వేరు. ఈ సంగతి మన వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఎవరి పాలన?

ఈ దీవులు 1956 నుండి కేంద్రపాలిత ప్రాంతం. శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు. రాష్ట్రపతి నియమించే లెఫ్టినెంట్ గవర్నరే పాలనాధికారి. లోక్‌సభకు ఒకే ఒక్క సభ్యుడు వెళ్తాడు. హైకోర్టు కలకత్తాలో ఉంది.

1952లో ఏర్పడిన మొదటి లోక్‌సభలో ఈ దీవులతో సంబంధమున్న ఇద్దరు కూర్చున్నారు. ఒకరు మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట పోరాడి అండమాన్‌లో శిక్ష అనుభవించిన గాం మల్లుదొర గారు. ఆయన విశాఖపట్నం నుండి ఎన్నికయ్యారు. రెండవవారు రాష్ట్రపతి నామినేట్ చేసిన నికోబారు సంఘ కాపరి బిషప్ జాన్ రిచర్డ్‌సన్ గారు.

నికోబారులో ప్రతి గ్రామానికీ ఒక పెద్ద ఉంటాడు. ఆయనను కెప్టెన్ అంటారు. గ్రామాల మీద గిరిజన మండలి ఉంటుంది. 1956 నాటి రక్షణ చట్టం ప్రకారం బయటివారు అనుమతి లేకుండా ఆ దీవులలో కాలు పెట్టరాదు, అక్కడి గిరిజనుల నేలను కొనరాదు.

నేల ఎవరిది?

కొబ్బరి వారి ప్రాణాధారం. ఎండుకొబ్బరి అమ్మి బియ్యం, బట్ట కొనుక్కుంటారు. పందులను పెంచుతారు, చేపలు పడతారు, కందమూలాలు పండిస్తారు. మన మొగలి జాతికి చెందిన ఒక చెట్టు పండును ఉడికించి తింటారు.

ఆ కొబ్బరితోట ఏ ఒక్కరి పేరునా ఉండదు. అది 'తుహెత్' సొత్తు. తుహెత్ అంటే పెద్ద ఉమ్మడి కుటుంబం. తాతలు, పెదనాన్నలు, చిన్నాన్నలు, వారి బిడ్డలు అందరూ కలిసి ఒక్క తుహెత్. నేలా, చెట్లూ, పందులూ అందరివీ. పెద్దవాడు అజమాయిషీ చేస్తాడు. ఎవరికి అవసరముంటే వారికి అందులోనుండి భాగం దొరుకుతుంది. విధవరాలైనా, అనాథ బిడ్డ అయినా తుహెత్‌లో ఉన్నంతకాలం ఆకలితో పడుకోరు. అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఆదిమ సంఘం గూర్చి మనం చదివే నాలుగవ అధ్యాయం వారికి కొత్తగా తోచి ఉండదు.

సువార్త ఎలా వెళ్ళింది?

మన జమ్మలమడుగుకు లండన్ మిషను వారు సముద్రాలు దాటి వచ్చి ఆసుపత్రి కట్టారు. నికోబారుకు వెళ్ళినవారు మాత్రం మన దేశస్థుడే. 1890ల చివరలో వేదప్పన్ సాలొమోను అనే తమిళ ఉపదేశి కార్ నికోబారు దీవిలోని మూస్ గ్రామంలో బడి పెట్టారు. ఆయన చదువుకు బర్మా పంపిన పిల్లలలో ఒకడే తరువాత జాన్ రిచర్డ్‌సన్ అయ్యాడు. 1912లో తిరిగివచ్చి బడిపంతులుగా, ఉపదేశిగా పని మొదలుపెట్టిన ఆయన 1934లో గురువుగా, 1950లో బిషప్పుగా అభిషేకం పొందారు. నికోబారు భాషలో క్రొత్త నిబంధన కూడా 1950లోనే వెలువడింది.

1942 నుండి 1945 వరకు ఆ దీవులు జపాను సైన్యం చేతిలో ఉన్నాయి. అనేకమంది నికోబారీలను గూఢచారులని నేరం మోపి చంపారు. రిచర్డ్‌సన్ గారు కూడా చెరను, హింసను అనుభవించారు. అయినా సంఘం చెదరలేదు. నేడు నికోబారీలలో అత్యధికులు క్రైస్తవులే.

ఆ ఆదివారం

2004 డిసెంబరు 25 శనివారం క్రిస్మస్ ఆరాధన జరిగింది. మరునాడు ఆదివారం ఉదయం ఆరున్నర ప్రాంతంలో భూమి కంపించింది. కాసేపటికి సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. తీరం వెంబడి ఉన్న గ్రామాలు, గుడులు, కొబ్బరితోటలు కొట్టుకుపోయాయి. ఇందిరా పాయింట్ వద్ద నేలే నాలుగు మీటర్లకు పైగా క్రుంగిపోయింది. మొత్తం దీవులలో చనిపోయినవారు, కనిపించకుండా పోయినవారు 3,000 మందికి పైగా. వారిలో ఎక్కువమంది నికోబారు జిల్లా వారే.

సహాయం వచ్చింది. ఆహారం, రేకుల ఇళ్ళు, ఆ తరువాత స్థిరమైన ఇళ్ళు, నష్టపరిహారం డబ్బు అన్నీ వచ్చాయి. మేలు జరిగింది, కాదనలేము. కానీ ఆ డబ్బు తుహెత్‌కు రాలేదు. భార్యాభర్తలు, వారి పిల్లలు ఉన్న ఒక్కొక్క చిన్న కుటుంబానికి వేరువేరుగా, యజమాని పేరున బ్యాంకులో పడింది. అంతవరకు 'మాది' అన్నవారికి 'నాది' అనవలసి వచ్చింది. అన్నదమ్ముల మధ్య లెక్కలు మొదలయ్యాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది. చేతిలోని డబ్బు మోటారు సైకిళ్ళకు, టీవీలకు, మద్యానికి త్వరగా కరిగిపోయింది. అల విరచలేకపోయిన పాత కట్టును ఆ డబ్బు సడలించిందని అక్కడ పనిచేసిన పరిశోధకులు వ్రాశారు.

మరొక పరీక్ష ఇప్పుడు ఎదురుగా ఉంది. గ్రేట్ నికోబారు దీవిలో భారీ ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి లభించింది. అప్పటి అంచనా 72,000 కోట్ల రూపాయలు. సునామీకి ముందు తాము నివసించిన నేల ఈ పథకంలోకి పోతున్నదని తెలిసి, అక్కడి గిరిజన మండలి తామిచ్చిన సమ్మతిని అదే ఏడాది వెనక్కు తీసుకుంది. దేశానికి ఓడరేవు కావాలనేవారి మాటలోనూ బలముంది. అయితే, ఒకసారి పోయిన అడవినీ, చెదిరిన ప్రజనూ ఏ పరిహారంతో తిరిగి తేగలం?

మనకేమి?

మన ఊళ్ళలో గట్టు తగాదా పడని అన్నదమ్ములు ఎందరు? తండ్రి కన్ను మూసి నలభై దినాలు కాకముందే కొలతల టేపు పట్టుకొని పొలంలో దిగినవాళ్ళను మనం ఎరుగుదుము. ప్రాజెక్టు కింద భూమి పోయి పరిహారం వచ్చినప్పుడు ఆ డబ్బు ఎన్ని ఇళ్ళలో పంపకాల పేచీగా మారిందో మీకే తెలుసు. భూములన్నీ ఉమ్మడిగా పెట్టుకొమ్మని మేము చెప్పడం లేదు, మన చట్టమూ ఆచారమూ వేరు. భాగాలు పంచుకోక తప్పదు. కానీ పంచుకునే రోజున ఇంట్లోని విధవరాలైన వదిన, చదువుకుంటున్న చెల్లెలు, మంచాన ఉన్న తల్లి కూడా లెక్కలోకి రావాలి. దస్తావేజు వ్రాయకముందు అందరూ కలిసి కూర్చొని ప్రార్థించాలి.

నికోబారు సంఘం కొరకు కూడా ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో ఒక మాట చేర్చండి. ద్వీపాలు ప్రభువు కొరకు కనిపెట్టుకొని ఉన్నాయని యెషయా ప్రవక్త వ్రాశాడు. ఆ ద్వీపాలలో కొన్ని మన దేశపు పటంలోనే, కుడి ప్రక్కన సముద్రంలో చిన్న చుక్కలుగా ఉన్నాయి. పిల్లలను పిలిచి ఈ రాత్రే వారికి చూపించండి.